ఆ ముక్కల మధ్య నడిచిందెవరు

(హనుమకొండలో, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల కూడికల్లో ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాశాం.)

అందరికీ వందనాలు. పొద్దంతా పనిచేసి వచ్చారు, కొంతమంది పరకాల నుంచి, వర్ధన్నపేట నుంచి బస్సెక్కి వచ్చారు. మీ అలసట నాకు తెలుసు. నేను పాస్టర్ను కాను. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ని. అందుకే ఏ వచనం చదివినా ముందు నా కన్ను మాట మీద పడుతుంది. ఈ సాయంత్రం కూడా ఒక మాట దగ్గరే మొదలుపెడతాను.

నిబంధన. మన చేతుల్లో ఉన్న గ్రంథానికి అట్ట మీదే ఉంది ఆ మాట. పాత నిబంధన, కొత్త నిబంధన. కానీ బయట ఈ మాట ఎక్కడ వింటున్నాం? టీవీలో ప్రకటన అయిపోయాక ఒకాయన గబగబా చదువుతాడు చూడండి, 'షరతులు, నిబంధనలు వర్తిస్తాయి' అని. లోన్ కాగితం కింద చీమలబారులాగా ఉంటాయి, నిబంధనలు. పిల్లల హాస్టల్ గోడ మీద ఉంటాయి. ఇవన్నీ చూసీ చూసీ, దేవుని నిబంధన అంటే కూడా దేవుడు పెట్టిన రూల్స్ అనుకుంటున్నాం. తప్పితే ఫైన్ పడుతుందనీ, పాటిస్తే బోనస్ వస్తుందనీ. చాలామంది విశ్వాసులు ఈ టెన్షన్‌తోనే బతుకుతున్నారు. నేనూ చాలా ఏళ్లు బతికాను.

హీబ్రూలో ఆ మాట బెరీత్. దాని పక్కన వాళ్లు వాడే క్రియ ఆశ్చర్యంగా ఉంటుంది. మనం ఒప్పందం 'రాసుకున్నాం' అంటాం, 'కుదిరింది' అంటాం. వాళ్లు 'కోశారు' అంటారు. ఎందుకు కోయడమో బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండము 15లో కనబడుతుంది.

అబ్రాము ఇల్లు విడిచి బయలుదేరినప్పుడు 75 ఏళ్లు. మొదటి కొడుకు ఇష్మాయేలు పుట్టేనాటికి 86. 15వ అధ్యాయం ఈ రెంటి మధ్య ఎక్కడో జరిగింది. పిల్లలు లేరు. దేవుడు రాత్రిపూట బయటికి పిలిచి, నక్షత్రాలు లెక్కపెట్టగలవా, నీ సంతానం అట్లా ఉంటుంది అన్నాడు. 6వ వచనం మీలో చాలామందికి నోటికి వచ్చు: "అతడు యెహోవాను నమ్మెను; ఆయన అది అతనికి నీతిగా ఎంచెను." బాగుంది. కానీ అక్కడ ఆగకుండా 8వ వచనం దాకా రండి. ఆ నమ్మినాయనే, ఈ దేశం నాకు వస్తుందని నాకెట్లా తెలుస్తుంది అని అడుగుతున్నాడు. నమ్మిక, ప్రశ్న రెండూ ఒకే మనిషి నోట్లో, రెండు వచనాల దూరంలో. దేవుడు ఆయన్ని కసురుకోలేదు. నమ్మినవాడివి, మళ్లీ ఎందుకు అడుగుతున్నావు అనలేదు. ప్రార్థనలో ప్రశ్న అడిగితే పాపమని భయపడే చెల్లెళ్లు ఇక్కడ ఉంటే, ఈ రెండు వచనాలు కింద గీత గీసి పెట్టుకోండి.

ఆ ప్రశ్నకు దేవుడిచ్చిన జవాబు ఇది. మూడేళ్ల పెయ్య, మూడేళ్ల మేక, మూడేళ్ల పొట్టేలు, ఒక గువ్వ, ఒక పావురపు పిల్ల తీసుకురా. అబ్రాము తెచ్చాడు. పక్షులను వదిలేసి, మిగతావాటిని నడిమికి కోసి, సగానికి సగం ఎదురెదురుగా పెట్టాడు. మధ్యలో దారిలాగా ఖాళీ. ఎందుకిట్లా చేశారో తెలియాలంటే యిర్మీయా 34 తీయాలి. బబులోను సేన యెరూషలేమును ముట్టడించిన రోజులవి. రాజు, పెద్దలు, జనం కలిసి తమ దగ్గరున్న హెబ్రీ దాసులను విడిచిపెడతామని దూడను రెండుగా కోసి ఆ ముక్కల మధ్య నడిచారు. నడవడం అంటే, 'మాట తప్పితే ఈ దూడకు పట్టిన గతే నాకు పట్టాలి' అని ఒట్టుపెట్టుకోవడం. తర్వాత ఏం చేశారు? విడిచిన దాసులను మళ్లీ పట్టి తెచ్చుకున్నారు. మన వైపు పెద్దలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మన తాతలు దొరల గడీల్లో వెట్టి చేసిన జిల్లా ఇది. వెట్టిచాకిరీ రద్దు చట్టం దేశమంతటికీ 1976లో వచ్చింది, ఆ తర్వాత కూడా అప్పు కింద జీతం ఉన్నవాళ్లను నేనే చూశాను. బీదవాడికి ఇచ్చిన మాట తప్పితే యిర్మీయా దేవునికి ఎంత కోపం వచ్చిందో ఆ అధ్యాయంలో చదవండి. నిబంధన గురించి మాట్లాడేవాళ్లు ఆ అధ్యాయాన్ని దాటేయకూడదు.

సరే, అబ్రాము దగ్గరికి వద్దాం. ముక్కలు పేర్చి పెట్టాడు. అగ్ని దిగలేదు. స్వరం వినబడలేదు. వచ్చినవి గద్దలు. పచ్చి మాంసం, ఎండ, పైన గద్దలు తిరుగుతున్నాయి. ఆ ముసలాయన వాటిని తోలుతున్నాడు. బైబిల్లో ఒక్క వాక్యమే ఉంది, కానీ ఆ వాక్యం వెనుక పొద్దుగూకేదాకా గడిచిన సమయం ఉంది. జొన్నచేను మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టలను కొట్టినవాళ్లు మీలో ఉంటారు. ఈ మూల తోలితే ఆ మూల వాలుతాయి. గొంతు పోతుంది, చెయ్యి గుంజుతుంది, అన్నం తినడానికి కిందికి దిగితే చేను పోతుంది. విశ్వాసం అనగానే మనకు గొప్ప గొప్ప దర్శనాలు గుర్తొస్తాయి. ఆ రోజు అబ్రాము విశ్వాసం గద్దలు తోలడం. దేవుడు రాకముందు దేవుని కోసం పెట్టినదాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా ఉండడం. ఏడాది నుంచి ఉద్యోగం లేని కొడుకు కోసం రోజూ తెల్లవారుజామున లేచి మోకరిల్లే తల్లి చేస్తున్నది ఇదే.

పొద్దు గూకింది. అబ్రాముకు గాఢనిద్ర పట్టింది. భయంకరమైన చీకటి కమ్మింది. ఆ చీకట్లో దేవుడు మాట్లాడాడు, నీ సంతానం 400 ఏళ్లు పరదేశంలో బాధపడుతుంది, తర్వాత బయటికి తెస్తాను అని. తీపి మాటలే చెప్పలేదు, రాబోయే కష్టం కూడా దాచకుండా చెప్పాడు. అప్పుడు రాజుకుంటున్న పొయ్యి, అగ్నిజ్వాల కనబడ్డాయి. ఆ పొయ్యికి హీబ్రూ మాట తన్నూర్. మనం రోటీ తినే చోట తందూరి అంటామే, ఆ మాటకు ఇది చుట్టమే. పొగ కక్కుతున్న ఆ పొయ్యి, ఆ మంట, ముక్కల మధ్య నుంచి నడిచి వెళ్లాయి.

అబ్రాము నడవలేదు.

ఈ ఒక్క సంగతి చెప్పడానికే నేను ఈ రోజు వచ్చాను. ఒప్పందమంటే ఇద్దరూ నడవాలి. కనీసం చిన్నవాడు నడవాలి, పెద్దవాడు చూడాలి. రైతు సంతకం పెడతాడు, షావుకారు పెట్టెలో దాచుకుంటాడు. ఇక్కడ చిన్నవాడు నిద్రపోతున్నాడు. పెద్దవాడు నడుస్తున్నాడు. మాట తప్పితే నన్ను ఇట్లా కోయండి అని సృష్టికర్త తన మీద తానే ఒట్టు పెట్టుకుంటున్నాడు.

మన ప్రాంతంలో మొక్కు అంటే అందరికీ తెలుసు. మేడారం జాతరకు మన పొరుగువాళ్లు తమ బరువుకు తూగే బెల్లం బంగారంగా సమర్పించుకుంటారు. వాళ్ల భక్తిని నేను తక్కువ చేసి మాట్లాడను, మీరూ మాట్లాడకండి. మొక్కు బైబిల్లో కూడా ఉంది. ఆదికాండము 28లో యాకోబు బేతేలులో మొక్కుకున్నాడు: నాకు తోడుండి, అన్నం, బట్ట ఇచ్చి, క్షేమంగా ఇల్లు చేరిస్తే నువ్వే నా దేవుడివి అని. దేవుడు యాకోబును తోసెయ్యలేదు. అయితే మొక్కు మన వైపు నుంచి బయలుదేరుతుంది. అబ్రాము దగ్గర కదిలిన అడుగు ఆయనది. నా బాధ ఏమిటంటే, మనం ఆయన నిబంధనలోకి వచ్చి కూడా మొక్కు లెక్కలోనే ఉంటున్నాం. ఉపవాసం ఉన్నాను గనుక బిడ్డ పెళ్లి కుదరాలి, దశమభాగం ఇచ్చాను గనుక మిర్చికి ధర రావాలి అని.

ఇక్కడ మా బాపు, మా నాన్న, సంగతి ఒకటి చెప్పాలి.

నాకు తొమ్మిదేళ్లు ఉంటాయి. బాపుకు ఒక స్నేహితుడు ఉండేవాడు, మగ్గం నేసేవాడు. ఇద్దరూ కలిసే పెరిగారు. ఆయనకు డబ్బు అవసరమై ఒక వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్నాడు. బాపు జమానతు ఉన్నాడు, అంటే ఆయన కట్టకపోతే నేను కడతానని హామీ. ప్రోనోటు మీద స్టాంపు అంటించి, ఆయన సంతకం కింద బాపు సంతకం. తర్వాత మగ్గాలు నడవలేదు. ఆయన ఒక రాత్రి పెళ్లాం పిల్లలతో మహారాష్ట్రలోని భీవండి బస్సెక్కాడు. గడువు దాటాక వ్యాపారి మా గడప ముందుకే వచ్చాడు. మా ఇంట్లో ఉన్న విలువైనవి రెండే, ఎద్దులు. బాపు వాటిని తెల్లారకముందే అంగడికి తోలుకుపోయాడు. సాయంత్రం ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. భుజం మీద పగ్గాలు ఉన్నాయి. వాటిని చిలుక్కొయ్యకు తగిలించి, కాళ్లు కడుక్కోకుండానే అరుగు మీద కూర్చున్నాడు. పగ్గానికి ఇంకా ఎద్దు మెడ చెమట వాసన ఉంది. నేను ముట్టుకుని చూశాను, గుర్తుంది. అవ్వ, మా అమ్మ, ఏమీ మాట్లాడలేదు. నేనే అడిగాను, "మనం తెచ్చుకోలేదు గదా బాపూ అప్పు?" అని.

"వాడు తెచ్చుకున్నడు. సంతకం నేను పెట్టిన" అన్నాడు. అంతే. ఆ స్నేహితుణ్ని ఒక్క మాట అనడం నేను వినలేదు. ఆ వానాకాలం మా పొలం పక్కవాళ్ల ఎద్దులు ఖాళీగా ఉన్నప్పుడే దున్నించాల్సి వచ్చింది. పంట సగం వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత హెబ్రీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయం చదువుతుంటే 22వ వచనం దగ్గర నా గొంతు పట్టుకుపోయింది. యేసు మరి శ్రేష్ఠమైన నిబంధనకు 'పూటకాపాయెను' అని ఉంది. పూటకాపు అన్న పాత మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. పూటకాపు అంటే జమానతుదారు. ఇదే మాట ఆదికాండము 43లో ఉంది. కరువులో ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, పోవాలి, చిన్న కొడుకు బెన్యామీనును పంపడానికి యాకోబు మనసు ఒప్పడం లేదు. అప్పుడు అన్న యూదా, అతని గురించి నేను పూటపడతాను, నా చేతిలో అతని లెక్క అడుగు అంటాడు. తర్వాతి అధ్యాయంలో మాట నిలబెట్టుకున్నాడు: తమ్ముడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అని ఐగుప్తు అధికారి ముందు నిలబడ్డాడు. యేసు ఆ యూదా గోత్రంలోనే పుట్టాడు. సామెతలు 6వ అధ్యాయం మాత్రం, స్నేహితుడి కోసం పూటపడితే చిక్కుకున్నావు, వెంటనే తప్పించుకో అని హెచ్చరిస్తుంది. మంచి బుద్ధే. మా అవ్వ తర్వాత మా అందరికీ అదే చెప్పింది. మనుషులకు వద్దని చెప్పిన ఆ పనిని దేవుని కుమారుడు మన కోసం చేశాడు, మనం భీవండి బస్సెక్కుతామని తెలిసీ.

ఇప్పుడు మోరీయా కొండ. ఆదికాండము 22. దీన్ని తేలిగ్గా చెప్పేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. అబ్రాహామును (అబ్రాముకు దేవుడు తర్వాత పెట్టిన పేరు ఇది) కొడుకు ఇస్సాకును బలిగా ఇమ్మని దేవుడు అడగడం ఏమిటి? ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. పిల్లలను అగ్నిలో వేయడం తన మనసుకే తోచలేదని యిర్మీయా 7లో దేవుడే అంటాడు. లేవీయకాండము దాన్ని నిషేధించింది. మోరీయాలో కూడా కత్తిని ఆపి, కొడుకుకు బదులు పొదలో పొట్టేలును చూపించింది ఆయనే. అయినా ఆ మూడు రోజుల నడక ఉంది కదా. అబ్రాహాము కట్టెలు ఇస్సాకు మీద పెట్టాడు, నిప్పు, కత్తి తానే పట్టుకున్నాడు. బిడ్డకు కాలేదీ కోసుకునేదీ తండ్రి తన చేతిలోనే ఉంచుకున్నాడు. వాళ్లిద్దరూ కలిసి వెళ్లారని ఆ అధ్యాయం రెండుసార్లు చెబుతుంది. మధ్యలో కొడుకు, నిప్పు, కట్టెలు ఉన్నాయి, గొర్రెపిల్ల ఏది నాయనా అన్నాడు. "దేవుడే హోమబలికి గొఱ్ఱెపిల్లను చూచుకొనును."

ఇక్కడ మన తెలుగు అనువాదానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. హీబ్రూలో ఆ మాటకు అర్థం 'చూడడం'. అబ్రాహాము ఆ చోటికి పెట్టిన యెహోవా యీరే అన్న పేరులో ఉన్నదీ ఆ చూపే. చూడడం, సమకూర్చడం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. కొన్ని భాషల్లో ఈ రెంటినీ విడదీయాల్సి వస్తుంది. మనకు ఆ బాధ లేదు. మన ఇళ్లల్లో అన్న చెల్లెలితో ఏమంటాడు? "నువ్వు ఫికరు చేయకు, నేను చూసుకుంట." హాస్పిటల్ బిల్లు ముందు నిలబడ్డప్పుడు ఆ ఒక్క మాట ఎంత బరువు దించుతుంది! చూసుకుంటానంటే, చూస్తున్నాను, నా మీద వేసుకుంటున్నాను, ఖర్చు నాది అని అన్నీ ఉన్నాయి. వేల ఏళ్ల నాటి మాట, మన వాకిట్లో మాట్లాడినట్టే ఉంది.

కొన్నేళ్ల కింద మా సంఘంలో ఒక అక్క నన్ను ఆపింది. కొడుకును పోగొట్టుకుంది. "అన్నా, అబ్రాహాము కొడుకు దిగొచ్చిండు. నా కొడుకు రాలే. ఆ అధ్యాయం నేనెట్ల చదవాలె?" అంది. నాకు ఆ రోజు మాట రాలేదు. పక్కన కూర్చున్నాను. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రోమా 8:32 చదువుతున్నప్పుడు కొంత వెలుగు కనబడింది. అబ్రాహాము కొడుకును ఇవ్వడానికి వెనుదీయలేదని మోరీయా మీద దేవుడు అన్నాడు. ఆ పత్రిక రాసిన పౌలు అదే మాటను తిప్పి దేవుని మీద పెట్టాడు: ఆయన తన సొంత కుమారుణ్ని ఇవ్వడానికి వెనుదీయలేదు. యేసును సిలువ వేసిన గొల్గొతా మీద కత్తి ఆపడానికి ఏ స్వరమూ రాలేదు. పొదలో పొట్టేలు లేదు. ఆ అక్క ఏ వైపు నిలబడి ఏడుస్తుందో, దేవుడు ఆ వైపే ఉన్నాడు. ఆమెకు ఈ మాట చెప్పాను. ఏడ్చింది. ఇప్పటికీ ఆదివారం వస్తుంది, వెనుక వరుసలో కూర్చుంటుంది. అంతకంటే ఎక్కువ నేను చెప్పలేను.

ఇంకో చిన్న సంగతి. ఇస్సాకు అడిగింది గొర్రెపిల్ల. దొరికింది పొట్టేలు. గొర్రెపిల్ల ఏది అన్న ఆ ప్రశ్న అట్లాగే నిలిచిపోయింది, బాప్తిస్మమిచ్చే యోహాను యేసు వైపు వేలు చూపించి, ఇదిగో దేవుని గొర్రెపిల్ల అనేదాకా.

లేవీయకాండములోని బలులన్నిటిలోకి వెళ్లే టైం లేదు. ఒకటి మాత్రం. పస్కా, అంటే ఇశ్రాయేలు ఐగుప్తు నుంచి విడుదలైన రాత్రి పండగ, దాని గొర్రెపిల్లను పదో రోజున ఎంచుకుని పద్నాలుగో రోజు దాకా ఉంచుకోవాలని నిర్గమకాండము 12. తల్లిలేని గొర్రెపిల్లను ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు తెలుసు, రెండో రోజుకే అది వేలు చీకుతుంది, పిల్లల వెనుక తిరుగుతుంది. పద్నాలుగో రోజు సాయంత్రానికి అది ఎవరికీ పరాయిది కాదు. బలి అంటే ఏమిటో ఇశ్రాయేలు పిల్లలు అట్లా నేర్చుకున్నారు. ఇక బిడ్డ పుట్టాక తల్లి తేవాల్సిన బలి ఉంది, దానికి గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్లు రెండు గువ్వలు తేవచ్చు. మరియ, యోసేపు తెచ్చింది పక్షులనే, లూకా 2లో ఉంది. దేవుని గొర్రెపిల్లను ఎత్తుకుని ఆలయానికి వచ్చిన తల్లికి గొర్రెపిల్ల కొనే శక్తి లేదు.

మరి మనం ఇచ్చేదానికి విలువ లేదా అంటారేమో. మా అవ్వ పొద్దున, మాపున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేది. ఆదివారం అది గుడికి పోయేది. ఎద్దులు అమ్మిన ఏడు కూడా వేసింది. ఇక్కడ దేవునికి లంచం ఏమీ లేదు. దేవుడు చూసుకుంటున్నాడని నమ్మిన ఇంట్లో పిడికిలి తెరుచుకుంటుంది, అంతే. మన పక్కనే ఉన్న డోర్నకల్‌కు పోయి చూడండి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు అక్కడ పనిచేశారు. 1939లో ప్రతిష్ఠ అయిన ఆ పెద్ద గుడి చుట్టూ పెరిగిన సంఘాల్లో ఎక్కువమంది కూలి చేసుకునే బీదలే. వాళ్లకు ఇవ్వడం నేర్పినవాడు, మీరు బీదవాళ్లు, మీ దగ్గర ఏముంది అనలేదు. అది వాళ్లను గౌరవించడం.

ఇక చివరికి వస్తున్నాను, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల సిద్ధంగా ఉంది.

ఆ రాత్రి మేడగదిలో యేసు గిన్నె పట్టుకుని, ఇది నా రక్తం వలననైన కొత్త నిబంధన అన్నాడు. ఎవరితో అన్నాడు? కోడి కూసేలోపు ఆయన్ని ముమ్మారు ఎరుగనని చెప్పబోయే పేతురు ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. మిగతావాళ్లూ ఆ రాత్రే పారిపోతారు. వాళ్లలో ఒక్కరితో కూడా ఆయన సంతకం పెట్టించుకోలేదు. తర్వాత తోటలోకి వెళ్లారు. మెలకువగా ఉండండి అన్నాడు. ఉండలేకపోయారు. దుఃఖంతో అలసి నిద్రపోయారని లూకా రాశాడు, ఆ ఒక్క మాటలో వాళ్ల మీద ఎంత జాలి ఉందో చూడండి. అబ్రాముకు గాఢనిద్ర. శిష్యులకు గాఢనిద్ర. చీకటి కమ్మింది. ఆ చీకట్లో ఆయన ఒక్కడే లేచి, కోయబడిన ముక్కల మధ్యకు నడిచాడు. ఆదికాండము 15లో పెట్టుకున్న ఒట్టు అది. మాట తప్పింది మనం. కోత పడింది ఆయనకు.

ఎవరి మనసులోనైనా, నేను ఈ బల్లకు తగను అని ఉంటే, ఈ వారం ఇంట్లో గొడవపడ్డాను, ప్రార్థన తప్పింది, నమ్మకం సన్నగిల్లింది అని ఉంటే, ఒప్పుకోండి, సరిచేసుకోవాల్సింది ఉంటే రేపే పోయి సరిచేసుకోండి. కానీ లేచి వెళ్లిపోకండి. గద్దలు తోలీ తోలీ చేతులు పడిపోయినవాళ్లు ముందు రండి.

లూకా 22, 19వ వచనం నుంచి. అమ్మా, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి, పేజీలు ఎగురుతున్నాయి. అందరూ తీశారా? చదువుదాం.